పాసంగం కట్టిన పరమాణువు

చేవెళ్లలో చెప్పేది అబద్ధం. మొయినాబాద్‌లో చెప్పేది అంతకంటే పెద్ద అబద్ధం.

చేవెళ్లవాళ్ల కథ ఇది. మా బడిపిల్ల ఒకతె పరీక్షలో లేచి నిలబడి, పరమాణువు గురించి సర్కారు పుస్తకంలో ఉన్నది తప్పని, న్యూట్రాను అనే కణం ఒకటుందని గడగడా చెప్పేసిందట. పట్నం నుంచి వచ్చిన పరీక్షకురాలు కుర్చీలోంచి లేచి దండం పెట్టిందట. పట్నం హైస్కూల్లో సీటు అక్కడికక్కడే రాసిచ్చిందట. ఘనతంతా నేర్పిన పంతులమ్మదట. ఆ పంతులమ్మను నేనే. మొయినాబాద్‌లో అడిగితే కథ వేరు. చేవెళ్ల పంతులమ్మకు ఒళ్లు తెలియని కోపం వచ్చి, నలుగురి ముందూ సర్కారు పుస్తకాన్ని నిలువునా చించి బల్ల మీద పడేసిందట.

పుస్తకం నేను చించలేదు. చించి ఉంటే ఒప్పుకునేదాన్ని. నా చేతులు చేసిన పనిని నా నోరు ఎన్నడూ కాదనలేదు. పరీక్షకురాలు లేచి దండం పెట్టలేదు. ఆ పిల్ల న్యూట్రాను మాటే ఎత్తలేదు. ఎత్తాలంటే ఆ మాట ఆమెకు తెలియాలి కదా! తెలియకుండా దాచింది నేను. ఇక సీటంటారా, ఆ యేడు రానే రాలేదు.

జపాను మీద ఆ బాంబు పడేదాకా ఈ సంగతి ఎవరికీ పట్టలేదు. పడ్డ తర్వాత పరమాణువు అనే మాట సంతలో కూడా వినబడసాగింది, మా కథకు కాళ్లొచ్చాయి. మొన్న ఊరి పెద్దమనిషి ఒకాయన ముందు నేను ఉన్నదున్నట్టు చెప్పబోతే ఆయన బతిమాలాడు. "గట్ల చెప్తే వినేటోళ్లకేం మజా ఉంటది పంతులమ్మా? జర ఊకోరాదు?"

ఊరుకోవడం నాకు చేతనైతే ఇంకా నౌకరీలోనే ఉండేదాన్ని. పై అధికారులతో మాటా మాటా పెంచుకుని నలభై నిండకముందే ఇంటికి వచ్చేసిన మనిషిని. ఇప్పుడు బడుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లపంతుళ్లు, పిల్లపంతులమ్మలు ఆ కథ విని, పుస్తకాన్ని ఎదిరిస్తే ఎదుటివాళ్లు దండం పెడతారని నమ్మితే నష్టపోతారు. అందుకే రాస్తున్నాను.

పంతొమ్మిదివందల ముప్పైల చివరి మాట. చేవెళ్ల ఆడపిల్లల బడికి నన్ను వేసినప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. కాలేజీలో సైన్సు చదివానన్న పొగరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉండేది. బడి అంటే ఒక కిరాయి ఇల్లు. పుస్తకాలు ఉర్దూలో ఉండేవి, పిల్లలు తెలుగులో ఆలోచించేవారు. ఈ గట్టు మీదిది ఆ గట్టుకు చేరవేయడం నా ఉద్యోగం. పెద్ద పంతులమ్మ ఉర్దూ ఇంటి మనిషి, పట్నం నుంచి వచ్చింది. ముప్పై ఏళ్లు నౌకరీ చేసి ఎవరి చేతా మాట పడలేదు. దానికి ఆమె పెట్టుకున్న నియమం ఒక్కటే. "కితాబులో లేనిది చెప్పొద్దు. ఉన్నది మార్చొద్దు."

కితాబులో ఉండి కూడా ఎవరూ చెప్పనిది ఒకటుండేది. సైన్సు పుస్తకం చివరి పాఠం. పదార్థాన్ని విరుచుకుంటూ పోతే లోపల చివరికి ఏమున్నదో చెప్పే ఆరు పేజీలు. ఏ బడీ అంతదూరం వచ్చేది కాదు, ముందే వేసవి వచ్చేది. నేను పట్టుబట్టి చలికాలంలోనే ఆ పాఠం మొదలుపెట్టాను. చదువుకున్నదాన్ని చూపించుకోవాలనే తహతహ అందులో ఎంతో, పిల్లల మీద ప్రేమ ఎంతో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

టపా ఇంట్లో ముద్రలు వేసే లక్క కడ్డీలు రెండు అడిగి తెచ్చాను. దారాలు కట్టి దూలానికి పక్కపక్కనే వేలాడదీశాను. ఆలూరు నుంచి నడిచి వచ్చే ఒక పిల్ల ఇంటినుంచి గొంగడి తెచ్చింది. రెండు కడ్డీలనూ గొంగడితో గట్టిగా రుద్ది వదిలితే, తాకీ తాకకముందే అవి చెరొక పక్కకు జరిగాయి.

"ఒకే జాతి విద్యుత్తు ఎక్కినవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వేరు జాతివైతే దగ్గరికి లాక్కుంటాయి" అన్నాను.

"ఇద్దరత్తలు ఒక్కింట్ల ఉన్నట్టు" అని వెనక వరసలోంచి ఒక గొంతు.

తిట్టలేదు. అది పుస్తకంలో ఉన్నదానికంటే బాగుంది.

ఆ గొంతే ఈ కథకు మూలం. ఆ పిల్లకు పద్నాలుగేళ్లు. బజారులో ఆమె తండ్రిది కిరాణా దుకాణం. జొన్నలు, పప్పులు, బెల్లం, కారం, అన్నీ ఉండేవి. మా పక్కనున్న ప్రొద్దుటూరు వైపు రైతులు కూడా ధాన్యం అతని దగ్గరికే తెచ్చేవారు. ఎందుకో ఊరంతటికీ తెలుసు. ఏ బేరమైనా సరే, తూచే ముందు అతను ఖాళీ తరాజు ఎత్తి చూపించేవాడు. రెండు తట్టలూ సమంగా ఉన్నాయని ఎదుటిమనిషి "ఆఁ" అనాలి. ఆ తర్వాతే గింజ పడేది. ముసలివాళ్లు "నీ మీద నమ్మకమున్నది, తూచు సేటూ" అన్నా వినేవాడు కాదు. "నా మీద ఉన్నది సరే, తరాజు మీద ఉండాలె గద!" అనేవాడు.

ఆ పిల్లను పై చదువుకు పంపే విషయంలోనూ అతనిది అంతే ఖచ్చితమైన మాట. పట్నంలోని ఆడపిల్లల హైస్కూల్లో, ఉండడానికి చోటుతో సహా, మా చుట్టుపక్కల బడులన్నిటికీ కలిపి ఒక్క సీటు ఇచ్చేవారు. మొయినాబాద్‌లో నోటి పరీక్ష. "పరీక్షకు పంపుత. సీటొస్తే పోతది. రాకుంటే ఇంటి కాడ ఉంటది. మళ్ల అడగొద్దు" అని నాతో చెప్పాడు. అంటే ఆ పిల్ల చదువు ఆ ఒక్క రోజు మీద వేలాడుతోంది. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

మరుసటి రోజు పాఠం పరమాణువు. ఆ పిల్ల చేత ఇంటినుంచి చిన్న చేతి తరాజు తెప్పించాను. ప్రోటానుకు చింతగింజ, ఎలక్ట్రానుకు గసగసం. గసగసాలు రెండు వేలు పోస్తే గానీ ఒక చింతగింజ బరువుకు దరిదాపుల్లోకి రావు, అసలు కణాల సంగతీ దాదాపు అంతే. విద్యుత్తు కనబడాలని ప్రతి చింతగింజకూ సున్నం బొట్టు పెట్టాను. ఒక బొట్టును సరిచేయడానికి ఒక గసగసం చాలు. ఉదజని, అదే హైడ్రోజను పరమాణువంటే నడుమ ఒక చింతగింజ, చుట్టూ తిరిగే ఒక గసగసం. పరమాణువు నడిమి భాగాన్ని, మీరిప్పుడు కేంద్రకం అనేదాన్ని, మేము గింజ అనేవాళ్లం. ఇంతవరకు పిల్లలకు పండుగలా ఉంది.

తర్వాత హీలియం. దాని బరువు ఉదజనికి నాలుగింతలు. కాబట్టి నడుమ నాలుగు చింతగింజలు పెట్టాను. బయట తిరిగే గసగసాలు మాత్రం రెండే. నాలుగు బొట్లకు రెండు గసగసాలు. మొత్తం పరమాణువుకు ఏ విద్యుత్తూ ఉండకూడదు, లెక్క కుదరలేదు. అప్పుడు మా పుస్తకం చెప్పిందే, కాలేజీలో నేను రాసుకున్నదే చేశాను. ఇంకో రెండు గసగసాలు తీసి, నడుమ చింతగింజల మధ్యలోకి దూర్చాను. "గింజ లోపల కూడా ఎలక్ట్రాన్లు ఉంటాయి" అన్నాను. లెక్క కుదిరింది.

"అది పాసంగం పంతులమ్మా" అంది ఆ పిల్ల.

తరాజు ఎప్పుడూ చూడనివాళ్లకు చెబుతాను. ఖాళీగా ఎత్తినప్పుడు ఒక తట్ట పైకి లేస్తే, ఆ తట్ట తాడుకు చిన్న రాయో మట్టిముద్దో కట్టి సమం చేస్తారు. దాన్నే పాసంగం అంటారు. తరాజులో వంకర అట్లాగే ఉంటుంది, చూసేవాడి కంటికి మాత్రం సరిగ్గా కనబడుతుంది.

"ఏంది పాసంగం?" అన్నాను.

"గా రెండు గసగసాలు. లెక్క సరిరావాలెనని పెట్టిన్రు. బయటున్న గసగసాలేమో తిరుగుతయి, లోపలున్నయి ఊకె కూసుంటయి. రెండు ఒక్క తీరువే గద? గట్లెట్ల?"

కోపం వచ్చింది. కాలేజీలో మమ్మల్నెవరూ అట్లా అడగలేదు, మేమూ ఎవరినీ అడగలేదు. "కొన్ని బరువు పరమాణువుల గింజల్లోంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడం పెద్ద పెద్దవాళ్లు చూశారు. లోపల లేకపోతే ఎట్లా వస్తాయి?" అన్నాను, ఇక మాట్లాడదని.

"పొయ్యిలకెళ్లి పొగ వస్తది పంతులమ్మా. కట్టెల పొగ దాసిపెట్టి ఉంటదా?"

తరగతి గొల్లుమంది. "తూకాలు మీ దుకాణంలో చూసుకో, ఇది సైన్సు" అని గోడకు ముఖం పెట్టి నిలబెట్టాను. గంట కొట్టేదాకా నిలబడింది. పెద్దగా బాధపడినట్టు కూడా లేదు, సున్నం గోడ మీద వేలితో ఏవో చుక్కలు పెట్టుకుంటూ ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే నాలుగు చుక్కలు. వాటి మధ్యలో ఏమీ లేదు.

పరీక్షకు పన్నెండు రోజులు ఉందనగా నాకు పట్నంలో పని పడింది. నాతో చదివిన స్నేహితురాలు అక్కడ కాలేజీలో పాఠాలు చెప్పేది. నాది ఎట్లాగూ నిలవని నోరు కాబట్టి, దుకాణపు పిల్ల అన్న మాటలు నవ్వులాటగా చెప్పాను. ఆమె నవ్వింది, కాకపోతే నన్ను చూసి.

"నువ్వింకా గింజలో ఎలక్ట్రాన్లను కూర్చోబెడుతున్నావా? వాటిని లేపేసి ఏడేళ్లవుతోంది!"

గంటసేపు వాదించాను. పదార్థశాస్త్రంలో ఆమెకు ఎప్పుడూ నాకంటే తక్కువ మార్కులే వచ్చేవి, ఆ సంగతి కూడా గుర్తుచేశాను. చివరికి కొత్త ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా ఒళ్లో పడేసింది. నేను కాలేజీ వదిలిన ఏడే ఇంగ్లీషు సీమలో కనుక్కున్నారట, ప్రోటాను అంత బరువుండి ఏ విద్యుత్తూ లేని కణం. న్యూట్రాను. హీలియం గింజలో ఉన్నవి రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు. అంటే బొట్టు పెట్టిన చింతగింజలు రెండు, బొట్టు లేనివి రెండు. బరువు నాలుగు, బొట్లు రెండు. లోపల గసగసాల అవసరమే లేదు.

"మరి బయటికి వచ్చే ఎలక్ట్రాన్లు?" అన్నాను, ఆఖరి ఊపిరితో.

"బయటికి వచ్చేటప్పుడే పుడతాయంటున్నారు."

పొగ.

ఆమె ఒక కాగితం మీద అదంతా రాసిచ్చింది. తిరుగు బస్సులో ఆ కాగితాన్ని ఎన్నిసార్లు చదివానో. మొయినాబాద్ దాటేసరికి పాఠమంతా కంఠస్థం అయింది, సిగ్గు మాత్రం మింగుడు పడలేదు. నిజం చెప్పొద్దూ, గోడవైపు తిప్పి నిలబెట్టిన ఆ పిల్ల వీపే కళ్ల ముందు ఆడింది.

మరునాడు పెద్ద పంతులమ్మకు కాగితం చూపించాను. చదివి, మడిచి, నా చేతిలో పెట్టింది. "నిజమే అయి ఉంటుంది. కానీ బేటీ, సీటు ఇచ్చేది ఈ కాగితమా, ఆ కితాబా? ఆ పిల్లను ముందు గుమ్మం దాటనీ. తర్వాత నువ్వూ నిజమూ కూర్చుని ఎంతసేపైనా మాట్లాడుకోండి."

తప్పు ఆమె మీదికి తోయను. ఆమె సలహా ఇచ్చింది, తీసుకున్నదాన్ని నేను. అప్పుడు నాకు ఆ మాట ఎంతో సబబుగా తోచింది. ఇప్పటికీ కొన్ని పొద్దులు సబబుగానే తోస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆ పిల్ల నా బల్ల దగ్గరికి వచ్చింది. "పట్నంల అడిగిన్రా పంతులమ్మా, పాసంగం సంగతి?"

"అడిగాను. పుస్తకంలో ఉన్నదే నిజం" అన్నాను.

కాగితం నా సంచిలోనే ఉంది. ఆ పిల్ల ఒక్క క్షణం నన్ను చూసింది. వాళ్ల నాయిన ఖాళీ తరాజు ముల్లు వైపు చూసే చూపు అది. "సరె" అని వెళ్లిపోయింది. తర్వాత పది రోజులు ఆ పాఠం ఊసు ఎత్తలేదు. మిగతావన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పేటట్టు చదివింది.

పరీక్ష రోజు పొద్దున బస్సులో ఇద్దరం మొయినాబాద్ చేరాం. మగపిల్లల బడికి ఆ పూట సెలవిచ్చి పెద్ద గది మాకు వదిలారు. నలుగురు పంతులమ్మలం వెనక బెంచీ మీద, తొమ్మిదిమంది పిల్లలు ముందు. పరీక్షకురాలు పట్నం మనిషి, సన్నగా, కళ్లద్దాలతో, ఒక్క మాట కూడా వృథా చేయకుండా ఉంది. ముందున్న రిజిస్టరులో పిల్లల పేర్లకు ఎదురుగా గళ్లు. ఉర్దూలో అడిగేది, తెలుగులో చెప్పినా రాసుకునేది. ఇప్పటి కథల్లో ఆమెను మొద్దుగా చేశారు. ఆ గదిలో అందరికంటే తెలివైనది ఆమే అని నా లెక్క, నన్ను కూడా కలిపే చెబుతున్నాను.

లెక్కలు, భూగోళం, చరిత్ర. మధ్యాహ్నానికి పోటీ ఇద్దరి మధ్యే మిగిలింది, మా పిల్లా, మొయినాబాద్ పిల్లా. అప్పుడు పరీక్షకురాలు బడుల డైరీలు తిరగేసింది. నా డైరీ దగ్గర ఆగింది.

"చివరి పాఠం చెప్పారా?" అంది నా వైపు చూసి. "ఇంకే బడీ చెప్పలేదు. సరే, ఇక్కడిదాకా వచ్చాక చూద్దాం." మా పిల్ల వైపు తిరిగింది. "హీలియం గింజలో ఏమేమి ఉంటాయి?"

పిల్ల లేచింది. "నాలుగు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు."

"సరి." పెన్సిలు గడి మీదికి వెళ్లింది. ఇంకొక్క క్షణం గడిస్తే అయిపోయేది. సీటు మాదే.

"పుస్తకంల గట్ల ఉన్నది" అంది పిల్ల.

పెన్సిలు ఆగింది. "అంటే?"

"లోపటి ఎలక్ట్రాన్లు పాసంగం లెక్క కొడ్తున్నయి అమ్మా."

నా పక్కన కూర్చున్న పంతులమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పరీక్షకురాలు నవ్వలేదు. పాసంగం అంటే ఏమిటో అడిగింది. పిల్ల చేతులతో తరాజు పట్టినట్టు చూపించి చెప్పింది.

"ఇది నీకు ఎవరు నేర్పారు?"

"ఎవ్వరు నేర్పలె. మా పంతులమ్మ పట్నం పోయి అడిగొచ్చింది. పుస్తకమే నిజమన్నది. నాకే మనసున పడ్తలేదు."

నన్ను ఇరికించాలని ఆమె ఆ మాట అనలేదు. ఆమె నన్ను కాపాడుతోంది. నిందంతా తన నెత్తిన వేసుకుని, నా అబద్ధాన్ని నిజమని నలుగురికీ వినిపిస్తోంది. నాకు జవాబు ఇచ్చేవాళ్లను ఎందరినో చూశాను కానీ, అట్లా నోరు మూయించినవాళ్లు ఇంకెవరూ లేరు.

పరీక్షకురాలు నా వైపు తిరిగింది. "మీ శిష్యురాలికి మీ మీద నమ్మకం లేదు. మీరేమంటారు?"

లేచాను. "పిల్ల మాటే నిజం. నేను దానికి అబద్ధం చెప్పాను" అన్నాను. సంచిలోంచి ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టాను. చించిన పుస్తకం అని మొయినాబాద్‌వాళ్లు చెప్పుకునేది ఆ కాగితమే. న్యూట్రాను సంగతంతా చెప్పాను. చెబుతున్న కొద్దీ గొంతు లేచింది, పాత అలవాటు. తప్పని ఏడేళ్ల కింద తేలిన పాఠానికి మార్కులు వేయడం న్యాయమా అని కూడా అడిగేశాను.

ఆమె ఓపికగా విన్నది. కాగితం రెండుసార్లు చదివింది. "మీరు చెప్పింది నిజమే కావచ్చు" అంది. "కానీ పరీక్ష ఈ పుస్తకం మీద. మీ కాగితం చూసి మార్కులు వేస్తే, పుస్తకం చదువుకుని వచ్చిన మిగతా ఎనిమిదిమందికీ నేనేం జవాబు చెప్పాలి? ఇన్నాళ్లూ మీ సంచిలో పెట్టుకుని ఇవాళ తీస్తారా?"

బెంచీ అంచు మీద కూర్చున్నాను.

ఆమె పిల్లను చూసి, కొంచెం మెత్తగా అడిగింది. "పాసంగం పోయింది కదా. ఇప్పుడు మనసున పడిందా?"

పిల్ల కళ్లు మూసుకుంది. గింజలు పేర్చుకుంటోందని నాకు అర్థమైంది. "రెండు బొట్టువి, రెండు బొట్టు లేనివి. బరువు సరిపోయింది. బొట్లు సరిపోయినయి." కళ్లు తెరిచింది. "లేదమ్మా, పడలె."

"ఎందుకు?"

"బొట్టువి రెండు ఒక్క జాతివి. లక్క కడ్డీల లెక్క నెట్టుకోవాలె గద! గసగసాలు నడుమ ఉన్నప్పుడు, అవి గుంజి పట్టుకున్నయని అనుకోవచ్చు. ఇప్పుడు అవి లేవాయె. బొట్టు లేనివి గుంజవాయె. మరి పట్టుకున్నదెవరు?"

పరీక్షకురాలు నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. నా కాగితంలో ఆ సంగతి లేదు. నా స్నేహితురాలు చెప్పలేదు, నాకు అడగాలని తోచనే లేదు. తప్పు పాఠంలో ఈ ప్రశ్నకు జవాబున్నది, ఒప్పు పాఠంలో లేదు!

"నాకు తెలియదు" అన్నాను. పిల్లల ముందు ఆ మాట అనడం నా నౌకరీలో అదే మొదటిసారి.

పరీక్షకురాలు పెన్సిలు తీసుకుంది. "చివరిసారి అడుగుతున్నాను. హీలియం గింజలో ఏముంది? నీ జవాబు ఏది రాసుకోమంటావు?"

పుస్తకంలోని ముక్క మళ్లీ చెబితే చాలు. చెప్పమని కళ్లతో బతిమాలాను. పిల్ల నన్ను చూసింది.

"నాకు తెల్వదు" అంది.

నా దగ్గర నేర్చుకున్న అన్ని పాఠాల్లోకీ అదే తొందరగా నేర్చుకుంది.

పరీక్షకురాలు గడిలో సున్నా వేసింది. వేశాక కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "జవాబులకు ఇందులో గళ్లున్నాయి. ప్రశ్నకు గడి లేదు. నేను గీయలేదు ఈ రిజిస్టరును" అంది. సీటు మొయినాబాద్ పిల్లకు వెళ్లింది. ఆ పిల్ల మంచిగా చదివింది, ఆమె మీద నాకు ఏ కక్షా లేదు.

సాయంత్రం బస్సులో చేవెళ్ల చేరాం. దిగాక పిల్ల ఒక్కటే అడిగింది. "ఆ కాగితం ఎప్పటిది పంతులమ్మా?"

"పట్నం పోయినప్పటిది."

తల ఊపి ఇంటిదారి పట్టింది.

నా తప్పు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఆ గదిలో నిజం చెప్పడం తప్పు కాదు, పది రోజులు ఆలస్యంగా చెప్పడం తప్పు. ముందే చెప్పి ఉంటే, పుస్తకం మాట ఏదో, బయటి మాట ఏదో రెండూ ఎదురుగా పెట్టుకుని, పరీక్షలో ఏది చెప్పాలో తీరిగ్గా ఆలోచించుకునేది. వ్యాపారస్తుల బిడ్డ, నాకంటే బాగా నిర్ణయించుకునేది. నేను ఆమె చేతిలోంచి తరాజు లాక్కుని, నా ఇష్టం వచ్చినట్టు తూచాను.

మరునాడు పొద్దున ఆమె తండ్రి మా ఇంటికి వచ్చాడు. తిట్లకు సిద్ధమై తలుపు తీశాను, జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. అతను గడపలోనే నిలబడ్డాడు.

"మా బిడ్డ పెద్ద ఆఫీసరు ముంగట సర్కారు కితాబును పాసంగం అన్నదట గద!"

"అన్నది."

"నువ్వేమో అబద్ధం చెప్పిన అని నలుగుట్ల ఒప్పుకున్నవట."

"ఒప్పుకున్నాను. నా వల్లనే సీటు పోయింది. అనేదేదో అను."

అతను తలపాగా సర్దుకుంటూ అన్నాడు. "ముందుగాల చెప్తే మంచిగుండు. ఆఖరికన్న ఖాళీ తరాజు ఎత్తి చూపించినవు. నా దుకాణంల తూకం తప్పితే మళ్ల తూస్త, సరుకు పారబొయ్య. వచ్చే యేడు ఇంకోపారి పంపుత. గీపారి ఏది తెల్సినా ముందు దానికి చెప్పు పంతులమ్మా. ఎట్ల చెప్పాల్నో అది చూసుకుంటది."

మళ్లీ అడగొద్దన్న మనిషి, నేను అడగకుండానే ఇచ్చాడు.

ఆ యేడు నేను ఆమెకు నేర్పినదానికంటే ఆమె నాకు నేర్పిందే ఎక్కువ. ప్రతి పాఠానికీ ముందు ఒక మాట అనడం అలవాటు చేసుకున్నాను. "ఇది పుస్తకం మాట, ఇది నాకు తెలిసింది, ఇది ఎవరికీ తెలియంది." పెద్ద పంతులమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. నాకు పై వాళ్లతో మొదటి పేచీ ఆ అలవాటు దగ్గరే వచ్చింది, చివరిదీ అక్కడే.

మరుసటి ఏడాది మొయినాబాద్‌లో అదే గది, అదే పరీక్షకురాలు, అదే పుస్తకం. ఆమె కావాలనే అదే ప్రశ్న అడిగింది. పిల్ల లేచి, "పుస్తకం ప్రకారంగ నాలుగు ప్రోటాన్లు, రెండు ఎలక్ట్రాన్లు" అని ఆగింది. పరీక్షకురాలు గడి నింపి, పెన్సిలు పక్కన పెట్టి, "ఇక నీ మాట చెప్పు, మార్కులు లేవు" అంది. అప్పుడు ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఈసారి సీటు వచ్చింది. ఒక ఏడాది ఆలస్యంగా వచ్చింది. కథలు చెప్పేవాళ్లు మింగేసేది ఆ ఏడాదినే. ఆ ఏడాదికి నేను పూచీ, దాన్ని ఎవరూ నా పేరు మీంచి కొట్టేయనక్కర్లేదు.

ఆ పిల్ల ఇప్పుడు పట్నంలో కాలేజీలో పదార్థశాస్త్రం చెబుతోంది. మొన్న ఎండాకాలం నన్ను చూడడానికి వచ్చింది. కళ్లద్దాలు వచ్చాయి, నోరు అట్లాగే ఉంది. చింతపండులోంచి గింజలు తీస్తూ కూర్చున్నాను, చూసి నవ్వింది. నేనూ ఊరుకోలేదు.

"ఏమమ్మా, పట్టుకున్నదెవరో తేలిందా?"

"ఒక బలం ఉన్నదంటున్నరు పంతులమ్మా. ఆనుకున్నట్టు దగ్గరుంటేనే పనిచేస్తదట. జర దూరమైతే లేనట్టే. విద్యుత్తు నెట్టుడు కన్నా మస్తు గట్టిదట. బొట్టున్న గింజ, బొట్టు లేని గింజ, దానికి అన్నీ ఒక్కటే."

"ఎట్లా తెలిసింది అది ఉన్నదని?"

"అది లేకుంటే గింజ నిలవది గద!"

చేతిలోని గింజ కింద పెట్టాను. "అంటే లెక్క సరిరావాలని పెట్టారు" అన్నాను.

ఆమె నవ్వబోయి ఆగింది. నన్ను చూసింది, ముల్లును చూసే ఆ పాత చూపుతోనే. మా ఇంటి గోడకు సున్నం వేసి ఎంతో కాలం కాలేదు. లేచి వెళ్లి దాని మీద వేలితో నాలుగు చుక్కలు పెట్టి, వాటి నడుమ ఖాళీని చూస్తూ నిలబడింది. బస్సు వేళ అయితే గానీ అక్కణ్ణుంచి కదలలేదు.

చుక్కలు గోడ మీద ఇంకా ఉన్నాయి. కొత్త పుస్తకాలు చదువుతున్నవాళ్లు మీరు, నాకంటే చాలా దూరం చూడగలిగినవాళ్లు. ఖాళీ తరాజు ముందు ఎత్తి చూపించి, ఆ తర్వాతే చెప్పండి. నెట్టుకునే ఆ రెండు గింజలనూ పట్టుకుని ఉన్నది నిజంగానే అక్కడ ఉన్నదా, ఇది కూడా మనం కట్టిన పాసంగమేనా?